జాజ్ వేదిక మీద పేర్లు అన్నిసార్లు ఎందుకు చెబుతారు?

సంక్షిప్తంగా: అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో పాట కన్నా దాన్ని వాయించే మనిషి ముఖ్యం. అందుకే ఏ వాద్యం ఎవరి చేతిలో ఉందో, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో శ్రోతకు అందించడం పరిచయం చేసే పని. దక్షిణ తెలంగాణ యక్షగానంలో, బుర్రకథలో ఇలాంటి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. సన్మాన సభల అలవాటు దాన్ని పక్కకు నెట్టింది. డోలు, తాళం వాయించేవాళ్లు పేరు లేకుండా మిగిలిపోవడం దాని ఫలితాల్లో ఒకటి.

నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథె జెంట్రుమ్ వంటి సాంస్కృతిక కేంద్రాలు అప్పుడప్పుడు జాజ్ బృందాలను రప్పిస్తుంటాయి. ఏటా ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినం. 2011లో యునెస్కో ప్రకటించిన ఈ రోజు పేరుతోనూ కచేరీలు జరుగుతుంటాయి. చదువుకో కొలువుకో జిల్లా నుంచి నగరానికి వెళ్లి, తొలిసారి ఇలాంటి కచేరీకి టికెట్టు కొన్నవాళ్లకు పోస్టరు దగ్గరే తికమక మొదలవుతుంది. అందులో ఒక్క పాట పేరు ఉండదు. ఒక మనిషి పేరు, దాని వెనక ట్రియో అనో క్వార్టెట్ అనో ఒక తోక, కింద చిన్న అక్షరాల్లో మరో ముగ్గురి పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక వాద్యం. వేదిక మీద వ్యాఖ్యాత ఆ పేర్లే చదువుతాడు. సగంలో బృంద నాయకుడు మళ్లీ చెబుతాడు. చివర్లో వాద్యాలు మోగుతుండగానే ఇంకోసారి చెబుతాడు. ఏం వాయించారో మాత్రం ఒక్కోసారి ఎవరూ చెప్పరు.

పాట కన్నా వాయించేవాడు ముఖ్యమైన చోట

తెలుగు శ్రోతకు సంగీతం ఎక్కువగా సినిమా పాట రూపంలో అందింది. పాట పల్లవి చెబితే చాలు, మిగతాదంతా మనసులో మెదులుతుంది. స్టేజీ మీద ఆర్కెస్ట్రా ఎంత బాగా వాయించిందో కొలవడానికి మన దగ్గరున్న తూకం, అచ్చం రికార్డులో ఉన్నట్టే ఉందా లేదా అన్నది.

జాజ్‌లో ఈ తూకం పనిచేయదు. అక్కడ పాట బయల్దేరే చోటు మాత్రమే. 1959లో న్యూయార్క్ రంగస్థలం మీదికి వచ్చిన ఒక సంగీత నాటకంలోని 'మై ఫేవరెట్ థింగ్స్' ఒక తేలికైన పాట. 1961లో విడుదలైన సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ రికార్డులో అది దాదాపు 14 నిమిషాలు సాగుతుంది. పాట అదే అయినా వినేది కోల్ట్రేన్‌ను, పియానో మీద మెకాయ్ టైనర్‌ను. ఇంకో బృందం అదే పాట ఎత్తుకుంటే అది వేరే సంగతి.

దీని వెనక ఉన్న అమరిక తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ముందు బృందమంతా కలిసి బాణీని ఒకసారి వాయిస్తుంది. తర్వాత ఒక్కొక్కరు వంతుల వారీగా ఆ బాణీ కింద ఉండే స్వరాల చట్రం మీద అప్పటికప్పుడు కొత్త వరసలు అల్లుతారు. ఈ వంతును సోలో అంటారు. ఆ చట్రం తరచుగా 12 లేదా 32 బార్ల (తాళపు కొలతల) ఆవర్తనం. ఎవరు సోలో చేస్తున్నా బేస్, డ్రమ్స్ ఆ ఆవర్తనాన్ని తిప్పుతూనే ఉంటాయి. అందరి వంతులూ అయ్యాక బాణీ మళ్లీ వస్తుంది, పాట ముగుస్తుంది. ప్రతి సోలో చివర శ్రోతలు చప్పట్లు కొడతారు. కర్ణాటక సంగీతం ఎరిగినవాళ్లకు నెరవు, కల్పనస్వరం, తని ఆవర్తనం గుర్తుకొస్తాయి. పోలిక పూర్తిగా కుదరకపోయినా చెవికి దారి దొరుకుతుంది.

ఈ అమరిక తెలియని శ్రోతకు మధ్యలోని పది నిమిషాలు గందరగోళంగానే వినిపిస్తాయి. సాక్సఫోన్ ఎక్కడికో వెళ్లిపోయింది, పాట ఏమైందో తెలియదు, పక్కవాళ్లు ఎందుకు చప్పట్లు కొట్టారో అంతకన్నా తెలియదు. పేరు, వాద్యం, వంతు మూడూ ముందే తెలిస్తే అదే గందరగోళం మనుషుల మధ్య మాటామంతీగా మారుతుంది. ట్రియో అంటే ముగ్గురు, క్వార్టెట్ అంటే నలుగురు, క్వింటెట్ అంటే అయిదుగురు. తోకకు ముందున్న పేరు బృంద నాయకుడిది. అతను ముందు నిలబడే సాక్సఫోన్ వాద్యకారుడే కానక్కర్లేదు, వెనక కూర్చున్న డ్రమ్మర్ కూడా కావచ్చు. పోస్టరు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లను చూసే, ఈ కచేరీకి పోవాలా వద్దా అని ఆరితేరినవాళ్లు తేల్చుకుంటారు.

ఒక డ్రమ్మర్ నాయకత్వంలో

వేదిక మీది పరిచయం చరిత్రలో నిలిచిపోయిన సందర్భం ఒకటుంది. 1954 ఫిబ్రవరి 21 రాత్రి న్యూయార్క్‌లోని బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందాన్ని బ్లూ నోట్ సంస్థ రికార్డు చేసింది. రికార్డు పాటతో మొదలవదు. క్లబ్బు వ్యాఖ్యాత పీవీ మార్కెట్ సన్నని, గీరుకుపోయే గొంతుతో ఒక్కొక్కరి పేరూ వాద్యంతో సహా చదువుతాడు: ట్రంపెట్ మీద క్లిఫర్డ్ బ్రౌన్, ఆల్టో సాక్సఫోన్ మీద లూ డొనాల్డ్‌సన్, పియానో మీద హోరెస్ సిల్వర్, బేస్ మీద కర్లీ రసెల్. రికార్డు అవుతోందని, చప్పట్లు గట్టిగా కొట్టాలని కూడా గుర్తుచేస్తాడు. ఆ పలుకులను దశాబ్దాల తర్వాత ఒక హిప్‌హాప్ బృందం తమ పాటలో వాడుకుంది.

ఆ రాత్రి పక్కవాద్యకారులుగా ఉన్నవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారో చూస్తే పేర్లు చదవడం ఎంత దూరం పోయిందో అర్థమవుతుంది. సిల్వర్ తన పేరుతోనే బృందం నడిపాడు. డొనాల్డ్‌సన్ దశాబ్దాల పాటు నాయకుడిగా రికార్డులు చేశాడు. బ్రౌన్ అదే ఏడాది మాక్స్ రోచ్‌తో కలిసి బృందం కట్టాడు. 1956లో కారు ప్రమాదంలో చనిపోయేనాటికి అతనికి 25 ఏళ్లే, అయినా ట్రంపెట్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ అతని రికార్డులు వింటారు. బ్లేకీ బృందం నుంచే తర్వాత లీ మోర్గన్, వేన్ షార్టర్, ఫ్రెడీ హబ్బర్డ్, వింటన్ మార్సాలిస్ వచ్చారు. పక్కవాద్యానికి పేరు పెట్టి పిలిచే అలవాటు ఒక్కటే వీళ్లను నాయకులను చేయలేదు, నిజమే. కానీ పేరు తెలియని ట్రంపెట్‌ను వెతుక్కుంటూ మరుసటి నెల ఏ క్లబ్బు యజమానీ ఫోన్ చేయడు.

ఇదే వ్యాఖ్యాత పీవీ మార్కెట్‌కు ఇంకో ఖ్యాతి కూడా ఉంది. వాద్యకారులు చేతిలో డబ్బు పెట్టకపోతే కావాలనే పేరు తప్పు పలికేవాడని సంగీత ప్రపంచంలో చెప్పుకుంటారు. మైకు పట్టుకున్నవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో చెప్పడానికి అది చాలు.

27 ఆవర్తనాలు, తప్పు మైకు

1954లో జార్జ్ వీన్ నిర్వహణలో మొదలైన న్యూపోర్ట్ ఉత్సవం ఆరుబయట జరిగే జాజ్ పండుగలకు నమూనా అయింది. 1967లో స్విట్జర్లాండ్‌లో మాంత్రో, 1970లో న్యూ ఓర్లీన్స్ ఉత్సవం ఆ తర్వాత వచ్చాయి. న్యూపోర్ట్‌లో 1956 జులై 7 రాత్రి డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయిస్తుండగా, అంతవరకు పెద్దగా పేరు లేని టెనర్ సాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెజ్ 12 బార్ల బ్లూస్ మీద వరసగా 27 ఆవర్తనాలు వాయించాడు. లెక్కకు 324 బార్లు. జనం కుర్చీల్లోంచి లేచారు. పాట ముగిశాక ఎలింగ్టన్ మైకులో గొన్సాల్వెజ్ పేరును మళ్లీ మళ్లీ పలికాడు. ముందు చేసిన ఏ పరిచయం కన్నా అదే బలంగా పనిచేసింది, ఎందుకంటే పేరు వినేసరికి ఆ పేరు దేనికి గుర్తో శ్రోతకు తెలిసిపోయి ఉంది.

ఆ సోలోలో గొన్సాల్వెజ్ రికార్డింగ్ సంస్థ మైకులో కాకుండా వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులో వాయించాడు. దాంతో అప్పట్లో వచ్చిన రికార్డులో అతని వాద్యం ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. రేడియో టేపులు కలిపి 1999లో మళ్లీ విడుదల చేశాకే అది సరిగా వినబడింది.

వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955 నుంచి జాజ్ కార్యక్రమం చేసిన విలిస్ కానోవర్ దగ్గర మరో పాఠం ఉంది. వినేవాళ్లలో ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చినవాళ్లు ఎక్కువని ఆయనకు తెలుసు. అందుకే మాటలు తక్కువ, వేగం తక్కువ. పేరు స్పష్టంగా పలకడం, వాద్యం చెప్పడం, పాట పెట్టడం. తూర్పు యూరప్‌లో ఒక తరం శ్రోతలు ఆ గొంతు వెంటే జాజ్‌లోకి వచ్చారు. ఆయనే ఏళ్ల తరబడి న్యూపోర్ట్ వేదిక మీద కూడా వ్యాఖ్యాత.

నాయకుడే పరిచయం చేసుకునే పద్ధతి ఇంకొకటి. సాక్సఫోన్ వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ అంతకుముందు ఫ్లోరిడాలో బడిలో బ్యాండ్ మాస్టారు. ఆ వాసన ఆయన మాటల్లో పోలేదు. 1959లో శాన్ ఫ్రాన్సిస్కోలో రికార్డయిన కచేరీలో తమ పియానిస్టు బాబీ టిమన్స్ కట్టిన పాటను వాయించే ముందు, ఇది వాల్ట్జ్ నడకలో ఉంటుందని, దీని మూలం చర్చి పాటల్లో ఉందని నవ్విస్తూ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. దీనికి సరిగ్గా ఎదురు కొసన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఉన్నాడు. పాట పేరు చెప్పడు, మాట్లాడడు, ఒక్కోసారి జనానికి వీపు తిప్పి వాయిస్తాడు. ఆయనకు అది చెల్లింది, వచ్చినవాళ్లందరికీ ఆయనెవరో ముందే తెలుసు కాబట్టి. కొత్త శ్రోతల ముందు ఆ దారి పట్టిన బృందాలు నష్టపోతాయి.

తెర వెనక నుంచి వచ్చే పాత్ర

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ప్రదర్శన కళల్లో పరిచయం ఎప్పుడూ ఆటలో భాగమే. యక్షగానంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. దాని వెనక ముందు గజ్జెల చప్పుడు, తర్వాత కిరీటం కొస. పాత్ర తన ప్రవేశ దరువులో తానెవరో, ఎవరి కొడుకో, ఏ రాజ్యం ఏలుతున్నాడో పాడుకుంటూ వస్తుంది. తెర తీశాక హాస్యగాడు అడ్డం వచ్చి మళ్లీ అడుగుతాడు: ఎవరు నువ్వు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చావు? తెల్లవార్లూ సాగే ఆటలో ఆలస్యంగా వచ్చినవాళ్లకు, మధ్యలో కునుకు తీసినవాళ్లకు కూడా ఎవరెవరో తెలియాలి కాబట్టి ఈ ఏర్పాటు.

బుర్రకథది ఇంకో తీరు. ముగ్గురు నిలబడితే ఎవరి పని ఏమిటో నిలబడిన చోటే చెబుతుంది. తంబురా పట్టిన కథకుడు నడుమ, గుమ్మెటలతో వంతలు ఇటూ అటూ. ఒక వంత ప్రశ్నలేసి రాజకీయం మాట్లాడతాడు, ఇంకో వంత నవ్విస్తాడు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు వంటివారు నల్లగొండ పల్లెల్లో గొల్లసుద్దులు, బుర్రకథలతో జనాన్ని కూడగట్టినప్పుడు ఈ వంతుల అమరిక వాళ్లకు చేతికందిన పనిముట్టు. ముగ్గురికీ మూడు పనులు, ఒకరి మాటను ఇంకొకరు అందుకోవడం. జాజ్ ట్రియో గురించి పాలమూరు శ్రోతకు చెప్పాలంటే పాశ్చాత్య సంగీత శాస్త్రం దాకా పోనక్కర్లేదు.

వాద్యాలు కూడా అంత పరాయివి కావు. న్యూ ఓర్లీన్స్‌లో జాజ్ పుట్టుక వెనక ఊరేగింపు బ్యాండ్లు ఉన్నాయి. ట్రంపెట్, క్లారినెట్, పెద్ద డోలు బరాత్ ముందు నడిచే బ్యాండు మేళంలో ఇక్కడి పిల్లలు చూసినవే.

ఆకాశవాణి సంగీత కచేరీల ప్రకటన కూడా ఒక మంచి నమూనానే: గానం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, రాగం ఏది, తాళం ఏది. అర నిమిషంలో అయిపోతుంది. అందులో పొగడ్త ఒక్కటీ ఉండదు.

శాలువా వచ్చాక

మారింది మైకు వేదిక. జాతర ఉత్సవాల్లోనూ కళాశాల వేడుకల్లోనూ కళాకారుల పరిచయం ఇప్పుడు సన్మాన సభ తీరులో నడుస్తోంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వేదికనలంకరించాక కళాకారుడి వంతు వస్తుంది. అవార్డుల జాబితా, ఇచ్చిన ప్రదర్శనల సంఖ్య, తొక్కిన దేశాల పేర్లు, శాలువా, జ్ఞాపిక, ఫొటో. వినబోయే సంగీతం గురించి ఒక్క వాక్యం ఉండదు. జాజ్ ఉత్సవంలో ఒక బృందం దిగి ఇంకో బృందం వాద్యాలు సర్దుకునే ఖాళీలో పరిచయం జరుగుతుంది. ఇక్కడ కళాకారుడు వాద్యం పట్టుకుని సిద్ధంగా ఉంటాడు, మాటలు అయ్యేదాకా నిలబడతాడు. ఆలస్యమైతే కోత పడేది పాటకే, ప్రసంగానికి కాదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య పరిచయం ఎలా జరుగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకుముందు ఒక సినిమా పాట ఆరంభంలో ఆయన గొంతు వినిపించింది. చాలా వేదికల మీద పరిచయం ఈ రెండు ముక్కలతో సరి. వాద్యం మీద పన్నెండు మెట్లు ఉన్నాయని, సొరకాయ బుర్రలు నాదాన్ని పెంచుతాయని, ఆయనే పాడుతూ ఆయనే వాయిస్తాడని, పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు డక్కలి కులస్తుల నోట కిన్నెర వెంటే బతికాయని చెబితే వినే చెవి మారుతుంది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తెలుగులోనూ కన్నడలోనూ పాడతారు. ఆ సరిహద్దు ఊళ్ల సంగీతం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు, కానీ అది చెప్పేవాళ్లు తక్కువ.

పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందుగానీ వెనకగానీ తగిలించకూడదని 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లెక్సీలకు ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

ఇందులో అందరికన్నా నష్టపోయేది పక్కవాద్యం. ఒగ్గుకథ బృందంలో రామడోలు, నపీర, కంజీర, తాళాలు పట్టుకునేవాళ్లు ఉంటారు. కరపత్రం మీద ప్రధాన కథకుడి పేరు, పక్కన 'బృందం' అని పడుతుంది. సూర్యాపేట దగ్గర రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో డోలు దెబ్బకు జనం ఊగిపోతారు, ఆ డోలు ఎవరిదంటే చెప్పగలిగేవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పేరు బయటికి రాకపోతే ఇంకో బృందం పిలవదు, వర్క్‌షాపుకు ఆహ్వానం రాదు, ప్రధాన కథకుడు వయసుడిగి మానేసిన రోజున మిగతావాళ్ల అనుభవానికి ఆనవాలు ఉండదు. అందరి పేర్లూ చదివితే కార్యక్రమం సాగదీతే అనే వాదన వినిపిస్తుంది. ఆరుగురి పేర్లు వాద్యాలతో సహా చదవడానికి అర నిమిషం పట్టదు, ఒక్క అతిథి ప్రసంగం కన్నా తక్కువ.

పరిచయం రాసేది ఎవరు

ఇంకో ఇబ్బంది కాగితం దగ్గరుంది. బయటి నుంచి వచ్చే బృందాలు తమ గురించి ఇంగ్లిష్‌లో రాసిన పేజీ ఒకటి పంపుతాయి. అది ఉత్సవ నిర్వాహకులను మెప్పించడానికి రాసింది, శ్రోత కోసం కాదు. దాన్ని ఉన్నదున్నట్టు చదివేస్తే అటు పేర్లూ నలుగుతాయి, ఇటు అర్థమూ అందదు. వ్యాఖ్యాత ముందురోజే బృందంతో మాట్లాడి, పేర్లు ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఇలా ఉండొచ్చు:

"ఇప్పుడు నలుగురు వస్తున్నారు. ఎడమ పక్క పియానో. వెనక మనిషి ఎత్తున ఉన్న తీగవాద్యం బేస్, దాని పక్కన డ్రమ్స్, ముందు సాక్సఫోన్. మొదట నలుగురూ కలిసి ఒక చిన్న బాణీ వాయిస్తారు, దాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక్కొక్కరే ఆ బాణీ మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. చివరికి అదే బాణీ మళ్లీ వినబడుతుంది. ఎవరి వంతు నచ్చితే వాళ్లకు అక్కడే చప్పట్లు కొట్టండి, పాట అయిపోయేదాకా ఆగక్కర్లేదు."

దీని తర్వాత నాలుగు పేర్లు, నాలుగు వాద్యాలు. నిమిషం లోపే అయిపోతుంది. ఎవరు ఎన్ని దేశాలు తిరిగారో కరపత్రంలో చదువుకోవచ్చు.

కిన్నెర, సాక్సఫోన్ ఒకే వేదిక ఎక్కితే

భారతీయ సంగీతకారులు జాజ్ వేదికలు ఎక్కడం కొత్తేమీ కాదు. 1978లో ముంబైలో జాజ్ యాత్ర ఉత్సవం మొదలైనప్పుడు సోనీ రోలిన్స్ వచ్చి వాయించాడు. 1980లో అదే నగరంలో జాజ్ ఉత్సవంలో కద్రి గోపాల్‌నాథ్ సాక్సఫోన్ విని, అమెరికా నుంచి వచ్చిన జాన్ హ్యాండీ తాను కూడా కలిసి వాయిస్తానని అడిగాడు. గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ కలిసి 1970ల్లో కట్టిన శక్తి బృందానికి 2024లో గ్రామీ అవార్డు వచ్చింది. రేపు పాలమూరు కిన్నెరనో బుర్రవీణనో ఒక జాజ్ బృందం పక్కన కూర్చోబెట్టే ప్రయత్నం జరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అప్పుడు పరిచయం రెండు వైపులా చేయాల్సి వస్తుంది: ఊరివాళ్లకు సాక్సఫోన్ సంగతి, వచ్చిన బృందానికి, వాళ్ల శ్రోతలకు కిన్నెర సంగతి. ఒకవైపు ఆవర్తనం తప్పకుండా తిరుగుతుంది, ఇంకోవైపు కథ పొడవును బట్టి పాట సాగుతుంది. ఎక్కడ ఎవరు ఆగి ఎవరికి దారి ఇస్తారో ముందే చెప్పకపోతే శ్రోత కిన్నెరను రంగు కోసం పెట్టిన వాద్యం అనుకుంటాడు. పోస్టరు మీద 'జానపద కళాకారుడితో' అని ఒక్క మాటతో సరిపెట్టి పక్కన పియానిస్టు పేరు పూర్తిగా వేస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

పేర్లు ఎన్నిసార్లు చెప్పాలన్నది జనం ఎలా కూర్చుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. టికెట్టు కొని తలుపులు మూసిన హాల్లో కూర్చున్నవాళ్లకు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సరిపోతుంది. న్యూ ఓర్లీన్స్ ఉత్సవంలో ఒకే సమయంలో చాలా వేదికలు నడుస్తాయి, జనం ఒక చోట రెండు పాటలు విని ఇంకో చోటికి నడుస్తారు. అక్కడ మొదట్లో చేసిన పరిచయం పావుగంట తర్వాత వచ్చినవాడికి అందదు, అందుకే నాయకుడు ప్రతి రెండు మూడు పాటలకూ పేర్లు అందుకుంటాడు. కురుమూర్తి జాతరలోనూ చెరువుగట్టులోనూ జనం తీరు సరిగ్గా ఇదే. దర్శనానికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, పిల్లలను వెతుక్కునేవాళ్లు వేదిక ముందు కాసేపు ఆగి కదులుతారు. అక్కడ సాయంత్రం ఆరింటికి అరగంట సేపు చేసిన పరిచయం కన్నా, రాత్రంతా ప్రతి ఇరవై నిమిషాలకోసారి డోలు ఎవరిదో, తాళం ఎవరిదో, ఊరేదో రెండు వాక్యాల్లో చెప్పడం ఎక్కువ మందికి చేరుతుంది.